గంటకు మించి కూర్చోరాదు

సెలవుల వారంలో రెండో రోజు, ఉదయం ఏడింటి నుంచి ఎనిమిదింటి వరకు చిన్న సిస్టర్ ఇంటికి ఫోన్ చేసి మాట్లాడింది. మామూలు వారాల్లో అరగంటే. ఏడాది చివరి సెలవులు కాబట్టి సంఘం కార్యాలయం గంట ఇచ్చింది. ఆ అరవై నిమిషాల్లో నలభై ఒక్క నిమిషాలు వాళ్లమ్మ వేరే అమ్మాయి గురించే మాట్లాడింది. ఈ లెక్క తీసింది చిన్న సిస్టర్ కాదు. పక్క కుర్చీలో కూర్చుని, చిల్లు పడ్డ సాక్సు కుట్టుకుంటూ, గోడ గడియారం మీద ఓ కన్నేసి ఉంచిన పెద్ద సిస్టర్.

పక్కన కూర్చుని ఇంకొకరి ఫోన్ వినడం వాళ్లలో తప్పు కాదు, నియమం. సువార్త చెప్పడానికి పరాయి దేశం వచ్చిన మిషనరీ అమ్మాయిలు ఇద్దరిద్దరుగా ఉండాలి. ఒకరి కంటికి ఒకరు కనిపించనంత దూరం వెళ్లకూడదు. స్నానాల గది ఒక్కటే మినహాయింపు. చిన్న సిస్టర్‌కి ఇరవై రెండేళ్లు. వచ్చి పదకొండు నెలలయింది, ఇంకో ఏడు నెలలుంది. పెద్ద సిస్టర్‌కి ఇరవై నాలుగు. ఆమె గడువు దగ్గర పడింది. ఇద్దరిదీ ఒకే దేశం, ఊళ్లు వేరు.

సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఉంటారు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఊరి పటం. తట్టిన వీధుల్ని ఆ పటం మీద ఎర్ర పెన్సిల్‌తో గీస్తారు. వెనక గదిలో రెండు మంచాలు, వాటి మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. కింద కొట్టులో గాలి కొట్టే మెషీన్ ఆడినప్పుడల్లా పైన గ్లాసులు గలగలమంటాయి.

రోజుకి నలభై తలుపులు తడితే మూడు తెరుచుకుంటాయి. అందులో రెండు 'వద్దమ్మా' అని చెప్పడానికి. సెలవుల వారంలో అదీ ఉండదు. ఆ వారం తలుపులు రెండు రకాలు: తాళం వేసినవి, లోపల నవ్వులు వినిపిస్తున్నవి. తాళం వేసినవే నయం. నవ్వులు వినిపించే తలుపు దగ్గర చిన్న సిస్టర్ చెయ్యి ఎత్తి దించేస్తుంది. లోపల ఎవరో ఎవర్నో ఆటపట్టిస్తున్నారు, ఎవరో చెంచా కింద పడేశారు, ఎవరో పిల్లని పేరు పెట్టి పిలుస్తున్నారు. అవన్నీ తన ఇంటి నుంచి దొంగిలించి తెచ్చుకున్నారన్నట్టు ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఈ గుణం ఆమెకి ఇక్కడ పట్టుకున్నది కాదు. నాలుగేళ్ల వయసులో, అప్పుడే పుట్టిన తమ్ముణ్ని ఉయ్యాల్లోంచి ఎత్తి చాప మీద పడుకోబెట్టి తను ఎక్కి పడుకుంది. బస్ డిపోలో మెకానిక్‌గా చేసే వాళ్ల నాన్న ఈ సంగతి ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. ఇక్కడికొచ్చాక పెద్ద సిస్టర్‌కి వచ్చే ఉత్తరాలు తనవాటికంటే లావుగా ఉంటాయని కుళ్లుకుంది. ఆదివారం పాట పాడేటప్పుడు ముసలమ్మలందరూ పెద్ద సిస్టర్ గొంతు వైపే తల తిప్పుతారని కుళ్లుకుంది. ప్రతిసారీ మోకాళ్ల మీద నిలబడి క్షమాపణ అడుగుతుంది. లేచాక మళ్లీ మొదలు. పెద్ద సిస్టర్‌కి ఇదంతా తెలుసు. ఇద్దరి మధ్యా ఉన్నది మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే కదా.

ఆ ఉదయం ఫోన్లో మొదట కనిపించింది అమ్మ కాదు, కుట్టు మెషీన్. దాని మీద ఎప్పుడూ ఉండే గోధుమరంగు గుడ్డ మూత లేదు. మెషీన్ ముందు ఒక పొడుగుపాటి అమ్మాయి వంగి కూర్చుని ఉంది. మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి. ఛాతీ మీద పేరు బిళ్ల ఉంది. ఇంకో దేశం నుంచి చిన్న సిస్టర్ వాళ్ల ఊరికి పంపిన మిషనరీ. పేరు పలకడం రాక వాళ్లమ్మ 'పొడుగుపిల్ల' అని పెట్టుకుంది.

"చూశావా మా పొడుగుపిల్లని! ఇదిగో, ఇది మూడో గలీబు. ఆరు కుడతానని పట్టుబట్టింది. మన ఇంట్లో దిండ్లన్నిటికీ కొత్తవే. అంచు చూడు, గీత గీసినట్టు రాలేదూ?" అంది అమ్మ, దిండు గలీబుని ఫోన్‌కి అంటించినంత దగ్గరగా పెట్టి. చిన్న సిస్టర్‌కి తెల్లగుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు.

"బాగుందమ్మా. నువ్వెలా ఉన్నావు?"

"నాకేం, బాగున్నా. మొన్నటిదాకా దీనికి బాబిన్‌లో దారం చుట్టడం రాదు తెలుసా? ఒక్కసారి చూపించా, పట్టేసింది. మీ పిన్ని అయితే నోరెళ్లబెట్టింది."

"ఎప్పుడొచ్చారు వాళ్లు?"

"పన్నెండింటికి, భోజనానికి. మీకు తెల్లారింది గానీ, ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటిపోయింది. రెండో అమ్మాయి మీ నాన్నతో చదరంగం ఆడుతోంది. మీ నాన్న ఓడిపోతున్నాడు, అందుకే నీతో మాట్లాడ్డానికి లేచి రావట్లేదు."

పొడుగుపిల్ల ఫోన్ వైపు తిరిగి చెయ్యి ఊపింది. "అమ్మా, దారం తెగింది" అంది, ముక్కలు ముక్కలుగా. వాళ్లమ్మ ఫోన్ని దేనికో ఆనించేసి, "వస్తున్నా తల్లీ" అంటూ లేచింది. తర్వాతి ఆరు నిమిషాలు చిన్న సిస్టర్ పైకప్పు చూస్తూ కూర్చుంది. తన ఇంటి పైకప్పే. మూలన నీటి మరక అలాగే ఉంది.

ఆ మెషీన్ కథ ఒకటుంది. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో వాళ్లమ్మ ఇరవై ఏళ్లుగా పని చేస్తోంది. ఇంట్లో మెషీన్ మాత్రం ఆమె సొంతం, చిన్న సిస్టర్ అమ్మమ్మ నుంచి వచ్చింది. పన్నెండేళ్లప్పుడు చిన్న సిస్టర్ ఎవరూ లేనప్పుడు దాని మీద కూర్చుని సూది విరగ్గొట్టింది. వేలు కూడా చిట్లింది. కానీ ఆ రోజు ఇంట్లో అంత గోల అయింది సూది గురించేనని ఆమె గట్టి నమ్మకం. "ఇంకోసారి దాని జోలికెళ్లావంటే చేతులు విరిచేస్తా" అని వాళ్లమ్మ మూత వేసింది. తర్వాత పదేళ్లలో ఆ మూత చిన్న సిస్టర్ తన చేతులతో తీసింది లేదు.

ఇందులో అమ్మకి తెలియని సంగతి ఇంకొకటుంది. ఇక్కడ, పరాయి ఊళ్లో, చిన్న సిస్టర్ ఎనిమిది నెలలుగా కుట్టు నేర్చుకుంటోంది. నేర్పుతున్నది మూడు వీధుల అవతల ఉండే టైలరమ్మ. ఇంటికి వెళ్లిన రోజు మెషీన్ మూత తీసి, అమ్మ చూస్తుండగా చొక్కా కాలర్ వేసి చూపించాలని ఆమె ఆశ. దేశం కాని దేశంలో పద్దెనిమిది నెలలు ఉండి ఇంటికి పట్టుకెళ్లడానికి ఆమె దగ్గరున్నది అదొక్కటే. ఇప్పుడు ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుని, మూడో గలీబు దగ్గర ఉన్నారు.

ఫోన్ పెట్టేశాక పెద్ద సిస్టర్ సాక్సు దారం పళ్లతో కొరికి, "నలభై ఒకటి" అంది.

"ఏంటి?"

"పొడుగుపిల్ల నిమిషాలు. మీ నాన్నకి నాలుగు. నీ ఆరోగ్యానికి ఒకటిన్నర."

"నీకేం పని లేదా?"

"నీ పక్కన కూర్చోవడమే కదా నా పని."

ఆ రోజు వారపు ఉత్తరం పంపాల్సిన రోజు. ప్రతి మిషనరీ వారానికోసారి పర్యవేక్షకుడికి ఉత్తరం రాస్తారు. ఎన్ని తలుపులు తట్టారు, ఎవరు విన్నారు, మనసెలా ఉంది. దాన్ని జంటలో రెండోవాళ్లు చదవకూడదు. రాత్రీ పగలూ ఒకరి ఎదుట ఒకరు బతికే ఆ ఇద్దరికీ వారం మొత్తంలో ఏకాంతమంటే ఆ ఉత్తరమే. చిన్న సిస్టర్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చాలాసేపు రాసింది.

తలుపుల సంఖ్య రాసింది. మనసు నెమ్మదిగా ఉందని రాసింది. ఆ తర్వాత ఇలా రాసింది: 'అయ్యగారూ, ఎవరినీ వేలెత్తి చూపే ఉద్దేశం నాకు లేదు. మా సొంత ఊళ్లో సేవ చేస్తున్న ఇద్దరు సహోదరీలు ఒక సభ్యుని ఇంట మధ్యాహ్న భోజనానికి వెళ్లి మూడు గంటలకు పైగా ఉండిపోతున్నారని తెలిసింది. నియమాల పుస్తకం నాలుగో పేజీలో, భోజనానికి పిలిచిన ఇంట గంటకు మించి కూర్చోరాదు అని ఉంది. వారి ఆత్మీయ మేలు కోరి ఈ సంగతి తమ దృష్టికి తెస్తున్నాను.'

ఆ సభ్యుడు తన తండ్రేనని రాయలేదు. పంపేసి ల్యాప్‌టాప్ మూసింది. అప్పుడు పదకొండున్నర. పన్నెండింటికి ఇద్దరికీ టైలరమ్మ ఇంట భోజనం.

టైలరమ్మది వీధిలోకి తెరుచుకునే ఒకే పెద్ద గది. సగం కొట్టు, సగం ఇల్లు. రెండు మెషీన్లు కిటికీ కింద పక్కపక్కనే ఉంటాయి. గోడకి కొట్టిన మేకులకి కాగితం మీద కత్తిరించిన కాలర్ నమూనాలు వేలాడుతుంటాయి. సెలవులు అయిపోగానే బడులు తెరుస్తారు కాబట్టి ఆ వారం ఆమెకి ఊపిరాడదు. పొట్టివైపోయిన యూనిఫారాలు, వదులు చేయాల్సిన నడుములు, కొత్త చొక్కాలు. భక్తి విషయంలో ఆమె ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. "మీరు చదవండి, నేను కుడతా. చెవులు ఖాళీగానే ఉన్నాయిగా" అంటుంది. మొదటిరోజు పెద్ద సిస్టర్ చదువుతుంటే చిన్న సిస్టర్ ఊరికే ఉండలేక కాజాల దగ్గర మిగిలిన దారాలు కత్తిరించింది. టైలరమ్మ ఆ పని చూసింది. మరుసటి వారం రెండో మెషీన్ మీద బట్టలు తీసేసి ఉంచింది.

ఆ రోజు భోజనం అరగంటలో అయిపోయింది. గిన్నెలు తీసి, టైలరమ్మ ఒక చొక్కా చిన్న సిస్టర్ ఒళ్లో పడేసింది. "కాలర్ నువ్వే వెయ్యి. మొన్నటిలా కొన దగ్గర ముడత వచ్చిందా, నీ చేతే విప్పిస్తా."

చిన్న సిస్టర్ కూర్చుంది. పొద్దుటి మంటంతా కాళ్లలోకి దిగినట్టు పెడల్ తొక్కింది. ఒక కొన తిరిగింది. రెండో కొన దగ్గర సూది గుచ్చి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, పాదం దించింది. ముడత రాలేదు. "ఊఁ" అంది టైలరమ్మ. ఆమె నోటి నుంచి మెచ్చుకోలు అంతకు మించి రాదు.

మూడున్నర దాటుతుండగా తలుపు తోసుకుని టైలరమ్మ కూతురు వచ్చింది. వేరే ఊళ్లో రైల్వే టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. ముప్పయ్యేళ్లు ఉంటాయి. సెలవులకి ఆ ఉదయమే దిగి, ఎవరో స్నేహితురాలిని చూసి వస్తోంది. చేతిలో సంచీ కింద పెట్టకుండానే కిటికీ వైపు చూసింది.

"అమ్మా, ఎవరీమె?"

"చెప్పానుగా ఫోన్లో. చిన్న సిస్టర్."

"దేవుడి గురించి చెప్పే పిల్లలన్నావు. మెషీన్ తొక్కే పిల్లలని చెప్పలేదు."

పెద్ద సిస్టర్ లేచి నమస్కారం పెట్టింది. కూతురు తలూపి, కళ్లు మాత్రం తిప్పలేదు. "అది నా కుర్చీ" అంది.

"నీదెప్పుడైంది?" అంది టైలరమ్మ, తన మెషీన్ ఆపకుండా. "ఎప్పుడైనా కూర్చున్నావా దాంట్లో?"

"కూర్చోనిచ్చావా? కత్తెర ముట్టుకుంటే చేతి మీద స్కేలుతో కొట్టావు. చదువుకోపో, చదువుకోపో అని తరిమావు. ఇప్పుడు దారిన పోయేవాళ్లని పిలిచి కాలర్లు నేర్పుతున్నావు!"

"నీకు చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇంకేం కావాలే?"

"ఏమీ అక్కర్లేదు. ఈమెని చూస్తుంటే నా ఇంటికే నేను భోజనానికొచ్చినట్టుంది." సంచీ అప్పుడు కింద పెట్టింది. చిన్న సిస్టర్ వైపు తిరిగి, "మా అమ్మకి దేవుడు దొరికాడో లేదో గానీ, మీకు మాత్రం అమ్మ దొరికిందండీ" అంది.

చిన్న సిస్టర్ లేచి నిలబడింది. టైలరమ్మ చేతిలోంచి కత్తెర జారి చప్పుడు చేసింది. వాళ్లు వీధిలోకి వచ్చేసరికి నాలుగు కావస్తోంది.

మొదటి వీధి దాటారు. పెద్ద సిస్టర్, "ఈ మాటలు పొద్దున మన గదిలో విన్నట్టుంది. గొంతే వేరు" అంది.

"నేనేమన్నాను పొద్దున?"

"నువ్వేమీ అనలేదు. నీ మొహం అంది."

చిన్న సిస్టర్ మరో ఇరవై అడుగులు నడిచి ఆగింది. ఉత్తరం సంగతి చెప్పేసింది. ఎవరికీ చెప్పకూడని ఉత్తరాన్ని నడివీధిలో, మూసి ఉన్న మందుల కొట్టు మెట్ల మీద కూర్చుని, ముక్క వదలకుండా చెప్పింది.

"పంపేశావా?"

"పదకొండున్నరకే."

"ఇప్పుడు మనం టైలరమ్మ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నాం?"

చిన్న సిస్టర్ వేళ్లు మడిచింది. "దాదాపు నాలుగు గంటలు."

పెద్ద సిస్టర్ పగలబడి నవ్వింది. పేరు బిళ్ల పెట్టుకుని వీధిలో అలా నవ్వకూడదని ఇంకో నియమం ఉంది. నవ్వాగాక, "కార్యాలయానికి ఫోన్ చేద్దాం పద. అయ్యగారు ఇంకా చదివి ఉండరు. తొందరపడి రాశానని చెప్పు" అంది.

"రేపు చేస్తాను."

మరునాడు ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. నంబర్ కొట్టబోతుంటే, పొడుగుపిల్ల ఈపాటికి నాలుగో గలీబు మొదలుపెట్టి ఉంటుందన్న ఆలోచన వచ్చింది. 'వస్తున్నా తల్లీ' అన్న అమ్మ గొంతు వినిపించింది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది. పెద్ద సిస్టర్ చూసింది. ఎంత పక్కన కూర్చునే పనైనా కొన్ని చోట్లకి తోడు వెళ్లడం కుదరదు.

ఐదో రోజు జవాబు వచ్చింది. పర్యవేక్షకుడు సెలవుల్లో కూడా ఉత్తరాలు చదువుతాడట. చిన్న సిస్టర్‌కి విడిగా నాలుగు వాక్యాలు రాశాడు. నియమం పట్ల ఆమె శ్రద్ధ మెచ్చుకోదగినదన్నాడు. ఆమె ఊరి బాధ్యులకు వెంటనే తెలియజేశానని, అక్కడి సహోదరీలలో ఒకరిని వేరే ఊరికి మార్చారని తెలిపాడు. దానితోపాటు మిషనరీలందరికీ ఒక ప్రకటన పంపాడు. భోజనానికైనా, బోధకైనా ఏ ఇంట్లోనూ గంటకు మించి కూర్చోరాదు. ఒకే ఇంటికి వారానికి ఒకసారి మాత్రమే వెళ్లాలి. ఈ క్షణం నుంచి అమలు.

"మెచ్చుకోదగినది" అని పెద్ద సిస్టర్ పైకి చదివింది. "ఫ్రేము కట్టించి ఎర్ర పెన్సిల్ పటం పక్కన పెడదామా?"

చిన్న సిస్టర్ నవ్వలేదు. మార్చింది ఏ అమ్మాయినో ఉత్తరంలో లేదు. కానీ ఆమెకి తెలుసు. మొదట, నిజం చెప్పాలంటే, కడుపులో చల్లగా అనిపించింది. మెషీన్ ముందు కుర్చీ ఖాళీ. ఆ చల్లదనం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ప్రకటన వచ్చాక లెక్కలోకి వచ్చే మొదటిసారిగా, ఆరో రోజు టైలరమ్మ ఇంటికి వెళ్లారు. పెద్ద సిస్టర్ ఫోన్లో అలారం పెట్టింది. కూతురు మూలన మంచం మీద కూర్చుని పత్రిక తిరగేస్తోంది. చిన్న సిస్టర్ మెషీన్ దగ్గర కూర్చుని, బడి చొక్కాకి కాలర్ పట్టీ సగం అతికించింది. అలారం మోగింది.

"ఏంటది?" అంది టైలరమ్మ.

"గంటయిందండీ. వెళ్లాలి."

"సగంలో వదిలేసా? ఎల్లుండి బడి తెరుస్తారు తల్లీ, ఆ పిల్లాడు ఒకవైపు కాలర్‌తో వెళ్తాడా?"

"కొత్త నియమం వచ్చిందండీ."

"ఏ మహానుభావుడు పెట్టాడు ఆ నియమం?"

పెద్ద సిస్టర్ కిటికీలోంచి బయటికి చూసింది. చిన్న సిస్టర్ బ్యాగు తగిలించుకుంది. మూలనుంచి కూతురు పత్రిక మడిచి లేచి వచ్చింది. "ఇటివ్వమ్మా, నేను కూర్చుంటాను. ఎంతసేపు కూర్చున్నా నాకు అలారం మోగదు."

"నీకేం వచ్చనీ?"

"రాదు. నేర్పు."

వాళ్లు వీధిలోకి దిగారు. వెనక కిటికీలోంచి పెడల్ చప్పుడు, ఆగి ఆగి, తప్పుగా. ఆ వెంటనే టైలరమ్మ కేక: "కాలు మెల్లగా! గుడ్డ నువ్వు లాగకు, అదే పోతుంది!" ఎనిమిది నెలల కిందట సరిగ్గా ఇదే కేక చిన్న సిస్టర్ తిన్నది. మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూస్తూనే నడిచింది. ఆ తిట్లు కూడా తనవేనని ఇప్పుడు తెలిసింది.

సెలవులు ముగిశాక వచ్చిన ఇంటి ఫోన్ మామూలు అరగంట. తెర మీద ముందుగా మెషీనే కనిపించింది. గోధుమరంగు మూత వేసి ఉంది. అమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పొడుగుపిల్లని మార్చేశారే. రెండు రోజులు కూడా టైము ఇవ్వలేదు. బస్సెక్కేటప్పుడు ఏడ్చింది. మీ నాన్న రెండు రోజులు చదరంగం బల్ల ముట్టలేదు. ఎవరో ఫిర్యాదు చేశారట, మనింట్లో ఎక్కువసేపు ఉంటున్నారని. ఎవరి కళ్లు పడ్డాయో! వాళ్ల నోట్లో మన్ను పడ, వాళ్లింట్లో..."

"అమ్మా, ఆగు."

"ఎందుకాగాలి? నాలుగు గలీబులయ్యాయి పాపం..."

"రాసింది నేనే."

పెద్ద సిస్టర్ చేతిలో సూది ఆగింది. తెర మీద అమ్మ నోరు తెరిచే ఉంది.

"ఏం రాశావు?"

"ఫిర్యాదు. మా అయ్యగారికి. ఆయన అక్కడికి పంపారు."

కింద కొట్టులో గాలి మెషీన్ ఆడింది. గ్లాసులు గలగలమన్నాయి.

"ఎందుకే?" అంది అమ్మ చివరికి. కోపం కూడా లేదు గొంతులో.

"నన్ను ముట్టుకోనివ్వలేదు నువ్వు. పదేళ్లు. పొడుగుపిల్లనేమో వచ్చిన మూడు నెలలకే కూర్చోబెట్టావు."

"దేన్ని ముట్టుకోనివ్వలేదు?" అని వెనక్కి తిరిగి మెషీన్ని చూసి, అమ్మ అప్పుడు అందుకుంది. "అదా! సూది నీ గోట్లోంచి దిగి ఇటు వచ్చింది పిల్లా! మీ నాన్న నిన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తొక్కుతుంటే, నేను వెనక పరిగెత్తా, చెప్పుల్లేకుండా. మూత వేసింది మెషీన్ పాడవుతుందనా? పొడుగుపిల్లకి ఇరవై మూడేళ్లు. దాని వేలు దాని ఇష్టం. నీ వేలు నాది."

చిన్న సిస్టర్ కుడిచేతి చూపుడు వేలి వైపు చూసుకుంది. గోరు మధ్య సన్నటి గీత ఉంది. సూది గురించి కాదా ఆ గోలంతా అని అడగబోయి మానేసింది.

"నాకు కాలర్ వెయ్యడం వచ్చమ్మా" అంది.

"ఏంటీ?"

"చొక్కా కాలర్. కొన దగ్గర ముడత లేకుండా. కాజాలు కూడా కుడతాను. ఇంటికొచ్చాక చూపిద్దామని చెప్పలేదు."

అమ్మ ఫోన్ దగ్గరికి జరిగింది. తెర నిండా ఆమె మొహమే.

"ఎవరు నేర్పారు?"

"ఇక్కడ ఒకామె. టైలరమ్మ అంటాం."

"ఎవరామె? ఎంత వయసు?"

"నీ వయసే ఉంటుంది."

"నాకంటే బాగా కుడుతుందా?"

పెద్ద సిస్టర్ సాక్సు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్లనుంచి? వారానికి ఎన్నిసార్లు వెళ్తావు? ఎంతసేపు కూర్చుంటావు వాళ్లింట్లో?"

"గంటేనమ్మా" అంది చిన్న సిస్టర్. "ఇప్పుడు గంటే."

అమ్మ ఉబ్బిన కళ్లు తుడుచుకుంది. "ఆ పిల్ల నీకు ఉత్తరం రాస్తానంది. నువ్వే చేశావని దానికి తెలీదు. రాస్తే జవాబివ్వు, నిజం చెప్పు. ఇక గలీబుల సంగతి, ఇంకా రెండు మిగిలాయి. నేను ముట్టను. మీ పిన్ని అడిగింది, ఇవ్వనన్నాను. నువ్వొచ్చి కుట్టు. అంచు తిన్నగా రాకపోతే విప్పిస్తా. ఆమె కాలర్లు ఎలా నేర్పిందో నేను కూడా చూస్తా."

ఫోన్ పెట్టేసింది. అరగంటలో ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలే ఉన్నాయి. చిన్న సిస్టర్ గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి నెలలు తిప్పుతూ రోజులు లెక్కపెట్టింది. ఆమె ఇంటికి వెళ్లడానికి ఆ ఉదయానికి రెండు వందల ఆరు రోజులున్నాయి.